జోక్ ఐపోయినంక మిగిలిన కథ ఎవరిది?

"జోక్‌ని జోక్ లెక్కనే తీస్కో" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతది. ఆ మాట ఎప్పుడూ నవ్వినోళ్లే నవ్వనోళ్లతోని అంటరు, అన్నంక ఇగ మాట్లాడనీకి ఏం ఉండదు, నీకు సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదు, ఊకె ఫీలైతవ్, నీతోని కలిసి ఏం చూడొద్దు, ఐపాయె. ఇంకో దిక్కు ఇంకో బ్యాచ్ ఉంటది, వాళ్లకు జోక్ నచ్చకపోతే సీదా పోలీస్ స్టేషన్‌కే పోతరు, లేకపోతే షో జరిగిన హాల్‌కి పోయి కుర్చీలు ఇరగ్గొడతరు. ఈ రెండు బ్యాచ్‌ల లొల్లిలో అసలు ముచ్చట పక్కకు పోతది. ఒకే షో చూస్తూ పక్కపక్కనే కూసున్న ఇద్దరిలో ఒకరు కడుపుబ్బ నవ్వితే ఇంకొకరు ఎందుకు బిగుసుకపోతరు? నాకైతే దీనికి ఒక జవాబు దొరికిందనిపిస్తుంది, అది చెప్దామనే ఇంత పొడుగు రాస్తున్నా.

మనం నల్గొండల కూసోని చూసే స్టాండప్, అంటే ఒక్కరే మైకు పట్టుకుని జోకులు చెప్పే షో, అంతా కెమెరా తీసిందే. హైదరాబాద్‌ల ఐతే కేఫ్‌లల్ల, చిన్న చిన్న హాళ్లల్ల ఎవరైనా ఎక్కి జోకులు చెప్పే ఓపెన్ మైక్‌లు అయితనే ఉంటయ్, మనకు ఓటీటీల గంట సేపటి స్పెషల్ (ఒక్క కమెడియన్ పూర్తి షో), లేకపోతే ఫోన్‌ల నిమిషం రీల్, అంతే. అంటే మన దాకా వచ్చేది కమెడియన్ ఒక్కడు చేసిన పని మాత్రమే అనుకోవద్దు, దాంట్ల కెమెరా పెట్టినోడు, ఎడిటింగ్ చేసినోడు కూడా ఉన్నరు. ఎవరి మొకం చూపెట్టాలె, నవ్వు ఎంతసేపు ఉంచాలె, ఏది తీసెయ్యాలె అన్నది వాళ్లు డిసైడ్ చేస్తరు. ఏ స్పెషలైనా పెట్టుకుని చూడండి, జోక్ పడంగనే మనకు కనపడేవి పక్కోని భుజం మీద పడి నవ్వే మొకాలు. చేతులు కట్టుకుని కూసున్నోళ్లు, మొకం మాడినోళ్లు, పక్కనున్న ఫ్రెండ్ నవ్వుతుంటే తను కూడా నవ్వాల్నా వద్దా అని అటూ ఇటూ చూసేటోళ్లు హాల్ల ఉండరా? ఉంటరు. కెమెరాల ఉండరు. మనం ఇంట్ల కూసోని చూసి నవ్వు రాకపోతే, అరే అందరూ నవ్వుతుర్రు నాకే ఏమైంది అనిపించేది అందుకే.

స్టాండప్‌ని సినిమాగా తీసి థియేటర్లల్ల ఆడించిన వాటిల్ల ఇప్పటికీ అందరూ ముందు చెప్పేది అమెరికా నల్లజాతి కమెడియన్ రిచర్డ్ ప్రయర్‌ది, రిచర్డ్ ప్రయర్ లైవ్ ఇన్ కన్సర్ట్. 1978 డిసెంబర్‌ల కాలిఫోర్నియాల లాంగ్ బీచ్ అనే ఊర్ల షూట్ చేసి 1979ల రిలీజ్ చేసిర్రు. గంటా పావు పైన, ఎర్ర చొక్కా ఏసుకున్న ఒక్క మనిషి, ఒక మైకు. దాంట్ల ఆయన తనకు గుండెపోటు వచ్చింది చేసి చూపెడతడు. గుండెనే ఒక రౌడీ లెక్క మాట్లాడుతది, ఊపిరి తీయకు అని బెదిరిస్తది, మోకాళ్ల మీద కూసోబెడతది, ఇప్పుడు సావు గుర్తొచ్చిందా మరి ఆ పంది మాంసం తినేటప్పుడు గుర్తు రాలేదా అని నిలదీస్తది, ఆయన స్టేజ్ మీద పడి కొట్టుకుంటుంటే హాలంతా నవ్వుతది. చిన్నప్పుడు వాళ్ల నాయినమ్మ కొట్టుడు గురించి కూడా ఉంటది. కొట్టనీకి బరిగె తనే పోయి చెట్టుకు తెంపుకుని రావాలె, ఆకులు దూసినంక అది గాలిల చేసే సప్పుడు వింటూ, ఇంట్లకు రాకముందే ఏడుపు మొదలైతది.

మా నాయినకు ఇంగ్లీష్ రాదు. నేను టీవీల పెట్టుకుని చూస్తుంటే పక్కన కూసున్నడు, ఈ బరిగె ముచ్చట నేను చెప్పకముందే ఆ చెయ్యి ఊపుడు, ఆ నడక చూసి అర్థమైపోయింది ఆయనకు. "మా అవ్వ గూడ గిట్లనే బిడ్డా, చింత బరిగె నువ్వే తెంపుకరా పో అనేది" అనుకుంట కండ్లల్ల నీళ్లు వచ్చేదాకా నవ్విండు. మా అమ్మ నవ్వలే. "పసిపిల్లగాన్ని గొడ్డును బాదినట్టు బాదితే నవ్వుడేందయ్యా" అని లేచి వంటింట్లకు పోయింది. నాయినకు అది ఇంట్ల దెబ్బలు తిని పెద్దగైన కథ, తిన్నడు, పెద్దగైండు, ఇప్పుడు తల్చుకుని నవ్వుకోవచ్చు. మా అమ్మకు ఇంకో కథ తెల్సు. వాళ్ల తమ్ముడు అట్లనే దెబ్బలు తిని ఒకనాడు ఇంట్ల చెప్పకుంట బొంబాయి బస్సెక్కిండు, మా అమ్మమ్మ ఆయన కోసం ఎదురుచూసి ఎదురుచూసి పోయింది. ఇద్దరికీ జోక్ బరాబర్ అర్థమైంది, మా నాయినకు ఎంత అర్థమైందో అమ్మకూ అంతే అర్థమైంది. జోక్ ఆగిన కాడ మా అమ్మ ఆగలేకపోయింది, అంతే తేడా.

నాకు దొరికిన జవాబు ఇదే. నవ్వు రావాలంటే కథను ఎక్కడో ఒకచోట ఆపాలె. ఇంకొంచెం ముందుకు పోనిస్తే ఏడుపు వస్తది, కోపం వస్తది, అందుకే కమెడియన్ సరిగ్గా దానికి ముందు ఆపుతడు, అది వాళ్ల పనితనం, దాన్ని నేను తక్కువ చేస్తలేను. కానీ హాల్ల కూసున్నోళ్లల్ల కొందరికి ఆ మిగిలిన ముక్క ముందే తెల్సి ఉంటది, తమ ఇంట్లనో, తమ ఒంటి మీదనో జరిగి ఉంటది. వాళ్లకు కథ అక్కడ ఆగదు, వాళ్లు నవ్వరు. వాళ్లకు సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదంటే ఎట్ల?

ఈ మాటను నాకంటే మస్తు బాగ, స్టేజ్ మీదనే చేసి చూపెట్టిన షో ఒకటుంది. ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గ్యాడ్స్‌బీ, షో పేరు నానెట్, 2018ల నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది, షూట్ చేసింది సిడ్నీ ఒపేరా హౌస్‌ల. దాంట్ల ముందు ఒక బస్‌స్టాప్ కథ చెప్తది. ఒకడు ఈమెను మొగోడనుకుని, నా గర్ల్‌ఫ్రెండ్‌ను పటాయిస్తున్నవా అని కొట్టనీకి వస్తడు, తర్వాత ఆడమనిషి అని తెల్సుకుని సారీ చెప్పి పోతడు. హాలంతా నవ్వు. గంట సేపటికి దగ్గర పడ్డంక అదే కథ మళ్ల తీస్తది, అక్కడ ఆగలేదు, వాడు మళ్ల ఎనక్కి వచ్చి నన్ను చితకబాదిండు, ఎవ్వరూ ఆపలే, నేను పోలీసులకు చెప్పలే, దవాఖానకు పోలే అని చెప్తది. ఇందాక నవ్వినోళ్లంతా ఇప్పుడు గప్‌చుప్. నవ్వించాలంటే నేను ఈ ముక్కను దాచిపెట్టాల్సి వచ్చింది, ఇగ దాచను అంటది. ఆ షో మీద పెద్ద పంచాయితే నడిచింది, ఇది అసలు కామెడీనేనా, లెక్చరా అని. మా తమ్ముడు కూడా అదే అన్నడు, "అక్కా, నవ్వనీకి పెట్టుకుంటే నెత్తిమీద కూసున్నది" అన్నడు. వాడికి విసుగొచ్చింది నిజమే, ఆ షో రెండో సగంల నవ్వులు తక్కువ అన్నదీ నిజమే. కానీ జోక్ ఎట్ల తయారైతదో ఇప్పి చూపెట్టిన పని అది, అది చూసినంక నేను ఏ స్పెషల్ చూసినా ఈ కథను ఎక్కడ ఆపిండు, అక్కడ ఎవరు మిగిలిపోయిర్రు అనే చూస్తున్న.

ఇప్పుడు మన ముచ్చటకు వస్త. హైదరాబాద్‌ల ఒక షోకి నేనూ మా తమ్ముడూ పోయినం. కమెడియన్ పేరు రాయను, పేరు ఇక్కడ ముఖ్యం కాదు, పిల్లగాడు మస్తు టాలెంట్ ఉన్నోడే. మధ్యల జనంతోని మాట్లాడుకుంట, మా ముందు వరసల కూసున్న ఒక ఇంజినీరింగ్ పిల్లగాన్ని ఎక్కడ నుంచి బ్రో అని అడిగిండు. నల్గొండ అన్నా అన్నడు వాడు. "అందుకేనా నవ్వట్లేదు? పర్లేదు బ్రో నవ్వు, లైట్లు ఆపేస్తా, పళ్లు ఎవరికీ కనపడవు" అన్నడు. హాలంతా పేలింది. ఆ పిల్లగాడు కూడా నవ్విండు. నవ్వుతూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు. అది అప్పటికప్పుడు జోక్ విని పెట్టుకున్నట్టు లేదు, చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి అది, నవ్వు రాకముందే లేస్తది. మా ఊరి దిక్కు బడిల గ్రూప్ ఫోటో తీసేటప్పుడు ఆ చెయ్యిని నేను మస్తు చూసిన. నవ్వు అయిపోయినంక హాల్ల రెండు మూడు సెకన్లు అదోలాంటి సైలెన్స్ వచ్చింది, ఎనక నుంచి ఎవరో "అన్నా, అది వద్దన్నా" అన్నరు, కమెడియన్ నీళ్లు తాగి వేరే టాపిక్‌కి పోయిండు. తర్వాత రీల్ వచ్చింది. దాంట్ల జోక్ ఉంది, నవ్వు ఉంది, పిల్లగాని మొకం ఉంది, చెయ్యి లేవకముందే కట్. ఆ సైలెన్స్ లేదు, ఎనక నుంచి వచ్చిన ఆ గొంతు లేదు.

ఆ జోక్ ఆగిన కాడ మిగిలింది ఏందో చెప్పకుంట నేను ముందుకు పోలేను. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపురం దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటర్‌కి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు అంటరు, మా దిక్కు ఊర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తరాల తరబడి తాగిర్రు, వేరే నీళ్లు లేక. చిగుళ్ల లోపల కొత్త పండ్లు తయారయ్యే చిన్న వయసుల ఆ నీళ్లు తాగితే పండ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు పడ్తయ్, బ్రష్‌తోని రుద్దితే పోయేటివి కావు. అది చిన్న ముచ్చట. ఇంకా తాగితే బొక్కలు వంకరపోతయ్, నడుము లేవదు, మెడ తిరగదు. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌ల పర్యావరణం మీద పరిశోధన చేసే నీరి సంస్థోళ్లు తయారు చేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టిర్రు, ఆఫ్రికా దేశాలల్ల కూడా ఆ పేరుతోనే వాడిర్రు. మన జిల్లా పేరు ప్రపంచానికి అట్ల తెల్సింది. శివన్నగూడెం అంశాల స్వామి ఆ వంకరపోయిన ఒళ్లుతోనే ఏండ్లకేండ్లు నీళ్ల కోసం కొట్లాడి 2023 జనవరిల చనిపోయిండు. 2015ల చౌటుప్పల్‌ల ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ స్కీం పైలాన్ ఏసినంక, కృష్ణ నీళ్లు వచ్చినంక ఇప్పుడు పుట్టే పిల్లలకు ఆ మచ్చలు తగ్గినయ్, అది మంచిగైంది. కానీ ఆ షోల కూసున్న పిల్లగాడు అంతకు ముందు పుట్టినోడు.

రీల్ మా చుట్టాల గ్రూప్‌ల పడింది. ఇగ చూడాలె. మా బావ నవ్వే బొమ్మలు వరసగా పెట్టిండు, మా పెద్దనాయిన కొడుకు మన నల్గొండ పేరొచ్చింది అని సంబరపడ్డడు, మర్రిగూడల ఉండే మా చిన్నమ్మ ఏం రాయకుంట గ్రూప్‌ల నుంచి ఎగ్జిట్ అయింది. చిన్నాయన మంచం పట్టి ఎన్నేండ్లో. మా తమ్ముడు ఐతే నాతోని పెద్ద లొల్లి, "ఆ పిల్లగాడే స్టేటస్ పెట్టుకున్నడు అక్కా, వాడికి లేని బాధ నీకేంది?" అన్నడు. నిజమే, మా తమ్మునికీ ఆ పిల్లగానికీ తెలిసిన ఫ్రెండ్ ఒకడున్నడు, వాడు చూపెట్టిండు, ఆ పిల్లగాడు ఆ రీల్‌ని తన స్టేటస్‌ల పెట్టుకున్నడు. వాడి తరఫున నేను మాట్లాడను, వాడు ఏమనుకున్నడో వాడికే తెలుసు. కానీ మూడు వందల మంది నిన్ను చూసి నవ్వుతుంటే నువ్వు కూడా నవ్వకపోతే ఇంకేం చేస్తవ్? నవ్వితే స్పోర్టివ్, నవ్వకపోతే ఫీలైండు. గ్యాడ్స్‌బీ ఆ షోల చెప్పింది కూడా ఇదే, ఎప్పుడూ పక్కకు నెట్టేసిన మనుషులు తమ మీద తామే జోకులు ఏసుకుంటే అది వినయం అనుకోవద్దు, తమను తామే అవమానించుకుంటుర్రు అని.

మన దిక్కోళ్లకు ఇది కొత్త కాదు. ఏండ్లకేండ్లు తెలుగు సినిమాలల్ల మన యాస రౌడీ నోట్లనో, పనోని నోట్లనో, కమెడియన్ నోట్లనో తప్ప హీరో నోట్ల రాలే. నల్గొండ, పాలమూరు టాకీసులల్ల కూసోని మన మాటను మనమే చూసి నవ్వినం, నవ్వినోళ్లల్ల మా నాయిన కూడా ఉన్నడు. తెలంగాణ ఉద్యమం టైంల ఇదే ముచ్చట మీద ఎంత కోపం బయటికి వచ్చిందో అందరికీ గుర్తుంది, అప్పుడు అటు దిక్కు నుంచి వచ్చిన జవాబు ఏంది? ఊరికే కామెడీ కదండీ, సీరియస్‌గా తీసుకుంటారేంటి. ఆ జవాబు తిన్నోళ్లం మనం. అసుంటిది ఇవాళ మనమే ఇంకొకల్లకు, ట్రాన్స్ మనుషులకో, నల్లగున్నోళ్లకో, లావుగున్నోళ్లకో అదే మాట చెప్తున్నం, నాకు అది మింగుడు పడదు.

ఇంకోటి. రెచ్చగొట్టే కామెడీ అని మనం దేన్ని అంటున్నం? 2013 నుంచి జబర్దస్త్ మన ఇండ్లల్ల నడుస్తుంది, పిల్లలు, ముసలోళ్లు, అందరం అన్నం తినుకుంట చూస్తం. మొగోళ్లు చీర కట్టుకుని ఆడోళ్ల ఒళ్లు మీద, పెండ్లాం మొకం మీద ఏసే జోకులు ఎన్ని! దాన్ని ఎవ్వరూ రెచ్చగొట్టుడు అనరు, దాని మీద పెద్ద పెద్ద వ్యాసాలు రావు. అదే దేవుని మీదనో, లీడర్ మీదనో ఒక్క మాట అంటే రెచ్చగొట్టిండు అంటరు. మనకు అలవాటైన మనిషి మీద దెబ్బ పడితే ఫ్యామిలీ ఎంటర్‌టైన్‌మెంట్, అలవాటు లేని మనిషి మీద పడితే కేసు. మా వదిన ఒక్కతే ఆ స్కిట్లు వస్తే ఛానల్ మార్చేది, అందరం ఆమెను మూడీ అనేటోళ్లం.

కమెడియన్లకు ఈ సంగతి తెల్వదా అంటే తెలుసు, కొందరికి లేటుగ తెలుస్తది. అమెరికా కమెడియన్ ఎడ్డీ మర్ఫీ 1983ల డెలిరియస్ అనే షోల గే మనుషుల మీద, ఎయిడ్స్ మీద ఏసిన జోకులకు అప్పట్ల హాలు ఊగిపోయింది. 1996ల ఆయన వాటికి సారీ చెప్పిండు, 2019ల మళ్ల అడిగితే ఇప్పుడు అవి చూస్తే నాకే ఎట్లనో అయితది అన్నడు. ప్రయర్ ఐతే నల్లోళ్లను తిట్టే ఆ మాటను ఎన్ని వందల సార్లు వాడిండో, 1979ల కెన్యా పోయొచ్చినంక ఇగ వాడను అనుకున్నడు, 1982ల వచ్చిన సినిమాల ఆ కథ స్టేజ్ మీదనే చెప్పిండు. అంటే మొన్న నవ్వనోళ్లు ఏ సీట్ల కూసున్నరో ఇవాళ ఆ సీట్ల కమెడియన్ వచ్చి కూసున్నడు. ఇంక డేవ్ చాపెల్ అనే అమెరికా కమెడియన్ ముచ్చట అట్ల తెగేటిది కాదు. 2021 అక్టోబర్‌ల ట్రాన్స్ మనుషుల మీద జోకులున్న ఆయన షో ది క్లోజర్ నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది, దాంట్ల చివరికి తన ఫ్రెండ్ అయిన ఒక ట్రాన్స్ కమెడియన్ గురించి, ఆమె చనిపోయింది గురించి చెప్తడు. ఆమె ఇంటోళ్లు చాపెల్ దిక్కు నిలబడ్డరు. నెట్‌ఫ్లిక్స్‌ల పనిచేసే ట్రాన్స్ ఉద్యోగులు, వాళ్ల దోస్తులు అదే నెలల పని ఆపి బయటకు వచ్చిర్రు. ఇద్దరిలో ఎవరిది అబద్ధం అంటరు? చాపెల్ తనకు తెలిసిన ఒక్క మనిషి కథ చెప్పిండు, బయటకు వచ్చినోళ్లకు తమ ఇంకో వంద కథలు తెలుసు. నాకు ఐతే ఆ షోల పనితనం నచ్చింది, ఆయన ఆపిన చోటు నచ్చలే.

ఇదంతా చదివి, మరి కేసు పెట్టాలె అంటవా అని అడిగేటోళ్లు ఉంటరు. అస్సలు వద్దు. కమెడియన్ మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌ల పట్టుకపోయిర్రు, సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చేదాకా నెల దాటి జైల్ల ఉన్నడు. 2022 ఆగస్టుల హైదరాబాద్ శిల్పకళా వేదికల ఆయన షో నడవనీకి పోలీసులు పెద్ద ఎత్తున నిలబడాల్సి వచ్చింది. 2025 మార్చిల ఇంకో కమెడియన్ కునాల్ కామ్రా వీడియో వచ్చినంక ముంబైల అది షూట్ చేసిన హ్యాబిటాట్ హాల్‌ని పలగ్గొట్టిర్రు. మన దగ్గర 2014ల జబర్దస్త్ వేణు మీద, గౌడ కులపోళ్లను కించపరిచిండని చెయ్యి చేసుకున్నరు. వీటిల్ల ఒక్కదాంట్లనన్నా ఆ జోక్ మంచిదా చెడ్డదా, ఎక్కడ ఆపిండు, ఎవరికి ఎందుకు గుచ్చుకుంది అని ఎవరన్నా కూసోని మాట్లాడిర్రా? లేదు. కేసు పడంగనే ముచ్చటంతా కేసు మీదికి పోతది, కట్టె పట్టుకుని వచ్చినోని బాధనే అందరి బాధ అయిపోతది. మా చిన్నమ్మ లెక్క సప్పుడు చేయకుంట ఎగ్జిట్ అయినోళ్ల మాట ఇంకా కిందికి పోతది. కుర్చీ ఇరగ్గొట్టినోడు మా చిన్నమ్మ తరఫున వచ్చినోడు కాదు.

మా చిన్నప్పుడు ఊర్లకు పిట్టల దొర వచ్చేటోడు, తుపాకి రాముడు అని కూడా అంటరు. ఖాకీ కోటు, నెత్తి మీద టోపీ, చేతిల కట్టె తుపాకి, లేని భూములు లేని బంగ్లాలు ఏకరువు పెట్టుకుంట దొరలను, సర్కారోళ్లను వాళ్ల వాకిట్లనే నిలబడి ఎక్కిరించేటోడు. ఒక్కడే నిలబడి ఎదురుగున్నోని మీదనే జోక్ ఏసుడు మన దగ్గర కొత్తగ వచ్చింది కాదు, నైజాం టైంల ఈ జిల్లాలనే కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను (గొల్లోళ్లు పాడుకుంట చెప్పే కథలను) దొరల మీదికి తిప్పిండు. ఐతే పిట్టల దొర జోక్ ఏసినంక అదే వాకిట్ల చాటెడు గింజల కోసం జోలె పట్టాలె, ఎవరు నవ్విర్రో ఎవరి మొకం మాడిందో చూసుకోకుంటే ఆయనకు ఆ పూట గడవదు. చూసి, మాట మార్చి, ఇంకో ఇంటికాడ ఇంకో తీరు చెప్పేటోడు. ఆ చూసుకునుడే కెమెరా వచ్చినంక పోయింది. రీల్ ఇంకో వాకిట్లకు పోయినా అదే రీల్.

ఆ కమెడియన్‌కి నేను మెసేజ్ పెట్టిన. డిలీట్ చేయమని అనలే, సారీ అడగలే. కట్ చేసిన ఆ రెండు మూడు సెకన్లు మళ్ల పెట్టమని అడిగిన, ఆ చెయ్యి, ఆ సైలెన్స్, ఎనక నుంచి వచ్చిన మాట. "అలా పెడితే లాగ్ అవుతుందండి, జనం స్క్రోల్ చేసేస్తారు" అని మర్యాదగనే జవాబిచ్చిండు, నల్గొండ నీళ్ల సంగతి తనకు అంత తెలియదు అని కూడా రాసిండు. మర్రిగూడ దిక్కు ఒకసారి రా తమ్మీ, మా ఇంట్లనే అన్నం తినిపోదువు, చూసినంక ఆ జోక్ ఉంచుతవో తీసేస్తవో నీ ఇష్టం అని రాసిన. వస్త అక్కా అన్నడు. వచ్చినంక కూడా వాడు ఆ జోక్ ఉంచితే దాని మీద మళ్ల ఇంకో వ్యాసం రాస్త, మా తమ్ముడు మళ్ల లొల్లి పెట్టుకుంటడు, పెట్టుకోనీ.